శనివారం పొయ్యి

కాటుక వాసనకు నాకు ఒళ్లు మండుతుంది. కాటుక అంటే ఇప్పుడు దుకాణాల్లో పెన్సిలులాగా దొరికేది కాదు, ఆముదపు దీపం మీద రాగి పళ్లెం బోర్లించి, దాని అడుగున పట్టిన మసిని నెయ్యి చుక్కతో నూరి తీసిన అసలు కాటుక. మా అమ్మాయికి పాత పద్ధతులంటే ముచ్చట, ఎవరి దగ్గరో అలాంటిదే చేయించి తెప్పించుకుంది. పోయిన శుక్రవారం సాయంత్రం నేను వాళ్లింటికి పోయేసరికి అది వేలికి రాసుకుని, మనవడిని కుర్చీ మీద నిలబెట్టి, వాడి ముక్కు కింద నల్లగా అద్దుతోంది. రెండు వేళ్ల వెడల్పు చదరపు మీసం. మరునాడు బడిలో విచిత్ర వేషధారణ పోటీ అట. పాత కోటు ఒకటి, ఈ మీసం ఒకటి ఉంటే చాలు, ఇంతకన్నా సులువైన వేషం లేదని టీచరమ్మే ఫోన్లో రాసిందట. ఆ వేషం ఎవరిదో నేను ఈ కాగితం మీద రాయను. యుద్ధకాలంలో జర్మనీని ఏలినవాడు, మీకు తెలుసు. వాడి పేరు ఈ నోటితో ఒకనాడు అరిచిన పాపం నాకు చాలు.

కాటుక డబ్బా లాక్కుని సింకులోకి విసిరేశాను. పిల్లవాడు బెదిరిపోయాడు. "గంత కోపమెందుకే అమ్మా, పిల్లల ఆటనే గదా" అంది మా అమ్మాయి. పిల్లల ఆటే. నేనూ ఆడాను ఆ ఆట, డెబ్బైలలో, వరంగల్‌లో, ఇలాంటి కాటుకతోనే.

అప్పట్లో మా ఇల్లు నూలు మిల్లుకు అవతలి పక్క వాడకట్టులో ఉండేది. ఇల్లు అంటే ముందు రెండు అర్రలు, వెనక వాటికన్నా పెద్దదైన బర్రెల కొట్టం. మా నాయనమ్మకు మనుషులకన్నా బర్రెల మీద నమ్మకం ఎక్కువ. తెల్లవారుజామున మిల్లు కూత వినబడక ముందే ఆమె పొదుగు కడుగుతున్న చప్పుడు, ఇత్తడి చెంబులో పాలధార పడే చప్పుడు, పక్కనే తవుడు కుడితి పుల్లటి వాసన, పొయ్యి మీద జొన్నగట్క ఉడుకుతున్న వాసన, ఇవన్నీ కలిసి నా నిద్రలోకి వచ్చేవి. వానకాలంలో కొట్టం నిండా వేపాకు పొగ, చలికాలంలో గోనెసంచులు కప్పుకున్న దూడలు, ఎండాకాలంలో రేకుల మీద తడిపిన గడ్డి. బతుకమ్మ వచ్చిందంటే గునుగు పూలు, తంగేడు పూలు గంపలకొద్దీ అరుగు మీద పడేవి, మలీద ముద్దల కోసం నాయనమ్మ వేడి వేడి రొట్టెలను బెల్లంతో చేతులు కాలేలా పిసికేది, ఆ చేతులకంటిన నెయ్యి నేను నాకేదాన్ని.

మా పాలు తీసుకునే ఇళ్లలో జర్మనమ్మ ఇల్లు చివరిది. మిల్లులో మగ్గాలు బిగించడానికి యుద్ధానికి ముందే జర్మనీ నుంచి వచ్చిన ఒక ఇంజినీరు భార్య ఆమె. భర్త ఇక్కడే కాలం చేశాడు. ఆమె మిల్లు వెనక సీతాఫలం చెట్టున్న రెండు గదుల ఇంట్లో ఉండి, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిస్తూ బతికేది. తెల్లటి వెంట్రుకలు, ముడతలు పడ్డ ఎర్రటి చేతులు, మోకాళ్ల కిందికి దిగే నూలు గౌను. జర్మనీ నుంచి వచ్చింది కాబట్టి జర్మనమ్మ. ఆమెకు ఒక పేరుంటుందని వాడకట్టులో ఒక్కరికీ తోచలేదు. ఏళ్ల తరబడి ఆమె చేతి కుట్టు జాకెట్లు తొడుక్కున్నాం, పేరు మాత్రం అడగలేదు.

నాయనమ్మకూ ఆమెకూ దోస్తీ బర్రెల దగ్గర కలిసింది. జర్మనమ్మ తండ్రి, తాత, ముత్తాత అందరూ గొడ్ల బేరగాళ్లేనట. ఒకసారి నాయనమ్మ పాడి బర్రె కొనడానికి అంగడికి పోతుంటే తానూ వస్తానని బయలుదేరింది. నేనూ వెంట ఉన్నాను. మా దగ్గర బేరమంటే తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని చెప్పుకోవడం, పక్కవాడికి తెలియకుండా. జర్మనమ్మ ఆ తువ్వాల జోలికే పోలేదు. బర్రె నోరు తెరిచి పళ్లు చూసింది, కొమ్ము మీది గీతలు గోటితో లెక్కబెట్టింది, పొదుగు కింద చెయ్యి పెట్టి కాసేపు కళ్లు మూసుకుంది. తరవాత అమ్మేవాడి అరచేతిని పట్టుకుని దాని మీద తన చేత్తో ఫట్‌మని చరిచింది. వాళ్ల ఊళ్లో అంతేనట, చెయ్యి మీద చెయ్యి చరిస్తే ఇక మాట తిరగదు. తెల్ల ముసలామె చేత దెబ్బ తిన్న ఆ మనిషి అంగడంతా నవ్వుతుంటే ఏం చెయ్యాలో తెలియక పలుపు ఆమె చేతిలో పెట్టేశాడు. ఆ బర్రె ఏడు ఈతలు ఈనింది. "గొడ్డు తెలిసిన మనిషి మంచిదే ఉంటదే" అని నాయనమ్మ ఆనాడే తీర్పు చెప్పేసింది.

జర్మనమ్మది మాకు తెలియని మతం. శుక్రవారం పొద్దు గూకే ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించి, జడలాగా అల్లి కాల్చిన రొట్టె మీద తెల్లగుడ్డ కప్పేది. అప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా నిప్పు ముట్టదు. అగ్గిపుల్ల గియ్యదు, స్టవ్వు వెలిగించదు. వెలిగించమని ఇంకొకరికి చెప్పనూ కూడదు. అందుకని శనివారం పొద్దున పాలు తీసుకుపోయిన నేను గడపలో నిలబడితే ఆమె నన్ను చూడకుండా కిటికీ వైపు చూస్తూ, "సలి పెడ్తాంది బిడ్డా" అనేది. అంతే. ఇక నేను లోపలికి పోయి గ్యాసునూనె స్టవ్వుకు గాలి కొట్టి, వెలిగించి, పాలు కాచి పెట్టాలి. వాళ్లమ్మ కూడా శనివారం వచ్చే పొరుగింటి పిల్లతో ఆ మాటే అనేదట, ఆ దేశంలో మంచు నిజంగానే మోకాలిలోతు పడేది కాబట్టి. వరంగల్‌లో రోహిణి కార్తె ఎండకు రోడ్డు మీది తారు చెప్పులకంటుకుంటున్నప్పుడు కూడా ఈమె చెమట తుడుచుకుంటూ "సలి పెడ్తాంది బిడ్డా" అంటుంటే నాకు నవ్వాగేది కాదు. ఆమే నవ్వేది. మరునాడు పాలు తీసుకుపోతే నా వంతు రొట్టెముక్క మీద చక్కెర చల్లి తీసి ఉంచేది.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు చలికాలంలో బడి వార్షికోత్సవం వచ్చింది. మా సోషల్ సారుకు జర్మనీని ఏలినవాడంటే పిచ్చి గౌరవం. ఇంగ్లీషోళ్లను గడగడలాడించిన మొనగాడని, అట్లాంటివాడు ఒక్కడుంటే మన దేశం ఎప్పుడో బాగుపడేదని క్లాసులో బెత్తంతో బల్ల చరిచి మరీ చెప్పేవాడు. వాడు ఎందరిని చంపాడో చెప్పేవాడు కాదు. తెలియక చెప్పలేదా, తెలిసి చెప్పలేదా అని నేను చాలా ఏళ్లు ఆలోచించాను. ఇప్పుడు ఆ తేడా నాకు అక్కర లేదు. ఆడపిల్లల బడిలో అన్ని వేషాలూ మేమే కట్టాలి కదా, నేను పొడుగ్గా ఉంటాను, గొంతు పెద్దది, అందుకని ఆ వేషం నాకిచ్చాడు. చెయ్యి ముందుకు చాచి ఎట్లా నిలబడాలో, ఏమని అరవాలో తానే నేర్పించాడు.

శనివారం పొద్దున నాయనమ్మే నన్ను గడపలో కూర్చోబెట్టి తన కాటుకతో మీసం దిద్దింది. మా నాయన పాత కోటు తొడిగింది. "ఎవల ఏషమే ఇది?" అని అడిగితే జర్మనీ రాజు వేషమని చెప్పాను. ఆమె మొహం వెలిగింది. "అయితే ముందుగాల జర్మనమ్మకు సూపియ్యి. ఆళ్ల రాజును సూసి ఎన్నేండ్లాయెనో పాపం, సంబురపడ్తది" అంది. పాల చెంబు చేతికిచ్చింది. నేను పరుగెత్తాను.

జర్మనమ్మ తలుపు తీసి ఎప్పటిలాగే కిటికీ వైపు చూస్తోంది. చెంబు గడప మీద పెట్టి, మడమలు కొట్టి, చెయ్యి చాచి, సారు నేర్పిన మాట గొంతు చించుకుని అరిచాను. ఆమె తిరిగి చూసింది. కిటికీ రెక్కలు రెండూ ఒకటి తరవాత ఒకటి మూసింది. తలుపు నా మొహం మీదే వేసి గడియ పెట్టింది. ఆ తరవాత లోపల కుట్టుమిషన్ బల్లను ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెడుతున్న చప్పుడు వినబడింది. అది ఆట అనుకున్నాను నేను. తలుపు దబదబా బాది, నవ్వుతూ, ఆ మాట మళ్లీ అరిచాను. రెండోసారి. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

బడిలో నాకే మొదటి బహుమతి. పేరు చెక్కించిన స్టీలు గిలాస. అది పట్టుకుని మధ్యాహ్నం మళ్లీ వచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు, గడప మీది చెంబు ఒరిగిపోయి పిల్లి పాలు తాగుతోంది. చీకటి పడ్డాక నాయనమ్మ పోయి పేరుపెట్టి పిలుద్దామంటే పేరు తెలియక, "నేనే, పాలామెను" అని చాలాసేపు పిలిస్తే అప్పుడు బల్ల జరిగింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆ రోజు నాకు తెలియదు. నాయనమ్మ తిరిగి వచ్చి, తడిగుడ్డతో నా మూతి ఎర్రగా కందిపోయేదాకా రుద్దింది.

మరునాడు మధ్యాహ్నం జర్మనమ్మే మా కొట్టానికి వచ్చింది. కుడితి తొట్టి గట్టు మీద కూర్చుని, తాను ఏరి కొనిపెట్టిన బర్రె డొక్క మీద చెయ్యి వేసి, వచ్చీరాని మా తెలుగులో చెప్పింది. నన్ను కూడా కూర్చోబెట్టుకుంది. అడవి అంచున, ద్రాక్ష తోటల మధ్య చిన్న ఊరు వాళ్లది. ఊళ్లో యూదుల ఇళ్లు ఇరవైకి మించవు. మా కొట్టమంత ప్రార్థన మందిరం ఒకటి. ఆ ఇళ్లవాళ్లంతా గొడ్ల బేరగాళ్లే, చుట్టూ రైతుల కొట్టాల్లో ఏ ఆవు ఎప్పుడు ఈనుతుందో ఇంటివాళ్లకన్నా వీళ్లకే బాగా తెలుసు. ఆ రైతుల పెళ్లిళ్లకు వీళ్లు, వీళ్ల పెళ్లిళ్లకు ఆ రైతులు. శనివారం పొద్దున పొరుగింటి హిల్డా వచ్చి పొయ్యి వెలిగించేది. ఈమెకన్నా చిన్నది, ఇద్దరూ ఒకే పరుపు మీద దొర్లి పెరిగారు.

తరవాత ఆ మీసంవాడు గద్దెనెక్కాడు. యూదులకు గొడ్లు అమ్మొద్దు, వాళ్ల దగ్గర కొనొద్దు అన్నారు. నిన్న చెయ్యి చరిచినవాడు ఇవాళ ఎదురుపడితే రోడ్డుకు అవతలి వైపు నడిచాడు. ఒక రాత్రి మందిరం అద్దాలు పగలగొట్టారు. ఈమె భర్తకు ఇక్కడి మిల్లులో పని దొరికి ఇద్దరూ బయటపడ్డారు, తల్లిదండ్రులను తరవాత పిలిపించుకుందామనుకున్నారు, కాగితాలు రాలేదు. ఇంతలో యుద్ధం. చావు తప్పించుకుని వచ్చిన ఈ ఇద్దరినీ ఇక్కడి తెల్లదొరలు జర్మనోళ్లే కదా, శత్రువులే కదా అని కొంతకాలం తీగల కంచె వెనక పెట్టారు. దొరల తెలివి అది. మా వాడకట్టు తెలివి మాత్రం అంతకన్నా ఏం గొప్పది?

యుద్ధం నడుస్తుండగా చలి మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున పోలీసులు ఆ ఇరవై ఇళ్ల తలుపులూ కొట్టారట. చేతిసంచీ సర్దుకునే వ్యవధి ఇచ్చి అందరినీ లారీ ఎక్కించారు. అక్కడి నుంచి రైలు, పక్క దేశం చివరన కొండల కింద బురదలో రేకుల షెడ్లు. తండ్రి ఆ బురదలోనే పోయాడు. రెండేళ్ల తరవాత మిగిలినవాళ్లను, తల్లితో సహా, గొడ్లను తోలినట్టు పెట్టెల్లో కుక్కి తూర్పుకు తీసుకుపోయి చంపారు. ఊరికి ఒక్కరూ తిరిగి రాలేదు.

నాయనమ్మకు దేశాలు తెలియవు, రైళ్లు తెలియవు. తనకు తెలిసిందే అడిగింది.

"మరి గొడ్లో?"

"ఒక్క ఆవు మిగిలి ఉండె. పక్కింటోళ్లు తోలుకపోయిండ్రు."

"పాలు పిండుకున్నరా?"

"ఆ పొద్దే పిండుకున్నరు."

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. యుద్ధం అయిపోయాక హిల్డా దగ్గర నుంచి వచ్చిన ఉత్తరం గురించి కూడా జర్మనమ్మ చెప్పింది. ఆ పొద్దు మేము కిటికీలోంచి చూశాం, మీ సామాను వేలం వేసిన రోజు మీ అమ్మ పరుపు మా అమ్మ తెచ్చింది, భద్రంగా ఉంది, కావాలంటే వచ్చి తీసుకో, అని రాసిందట. ఇంత మంచితనం ఎవరికి కావాలి? పరుపుకు బదులు ఆ తలుపు దగ్గర అడ్డం నిలబడి ఒక్క కేక వేసినవాళ్లు ఆ ఊళ్లో ఒక్కరున్నా నాకు ఇంత మంట ఉండేది కాదు.

"నీ పేరేందక్కా?" అని అడిగింది నాయనమ్మ, ఇన్నేళ్లకు.

"బెర్తా."

సోమవారం నాయనమ్మ పేడ చేతులు కూడా కడుక్కోకుండా నన్ను రెక్క పట్టుకుని బడికి ఈడ్చుకుపోయింది. క్లాసు నడుస్తుంటే లోపలికి పోయి సారు బల్ల మీద ఆ గిలాస పెట్టింది.

"నీ గిలాస నువ్వే ఉంచుకో సారూ. గా ఏషం కట్టించినోనివి, ఆడు ఏం జేసిండో పిల్లలకు ఎందుకు చెప్పలే?"

సారు నవ్వాడు. "అదంతా చరిత్ర అవ్వా, నీకు సమజ్ కాదు. యాడనో యూరప్‌ల అయిన లొల్లి. మనకేం సంబంధం?"

"యాడనో కాదు. మా వాడకట్టుల ఉన్నది ఆమె. నా బర్రె పాలు తాగుతది. గంతకంటె సంబంధమేం గావాలె నీకు?"

సారు మొహంలో నవ్వు పోలేదు. ఇద్దరు పిల్లలు కిసుక్కున నవ్వారు. తరవాత చాలా రోజులు బడిలో నన్ను ఆ మీసంవాడి పేరుతోనే పిలిచారు, ముద్దుగా. సారు ఆ తరవాత ఏడాది కూడా అదే వేషం ఇంకో పిల్లకు కట్టించాడు.

ఇక నాకు కావలసింది ఒక్కటే, శనివారం. ఆ వారమంతా శనివారం కోసం చూశాను. తెల్లవారగానే పాలచెంబుతో గడపలో నిలబడ్డాను. బెర్తమ్మ చెంబు అందుకుంది. కిటికీ వైపు చూడలేదు. నా వైపే చూసి, నా తల మీద చెయ్యి పెట్టింది.

"నువ్వు మంచిదానివే బిడ్డా. హిల్డా గూడ మంచిదే ఉండె. శనివారం ఇగ రాకు."

నేను గేటు బయట నిలబడిపోయాను. కాసేపటికి లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. తడబడుతూ రెండుసార్లు, మూడుసార్లు. తరవాత స్టవ్వుకు గాలి కొడుతున్న చప్పుడు. అలవాటు లేని చేతులు కదా, చాలాసేపు పట్టింది. ఆమె తన చేత్తో శనివారం నిప్పు ముట్టించింది. ఆమె తల్లి ముట్టని నిప్పు అది. ఊరు పోయినా, తీగల కంచె వెనక ఉన్నా, ఈ దేశంలో ఒంటరిగా ముసలిదైనా వదలని నియమం అది. ఆ మీసంవాడి మనుషులు కూడా దాన్ని ఆమె దగ్గర నుంచి లాక్కోలేకపోయారు.

మిగతా రోజుల్లో ఆమె నాతో ఎప్పటిలాగే ఉండేది. జాకెట్టు కుట్టడం నేర్పింది, నా పెళ్లికి మేజాబల్ల మీద పరిచే గుడ్డ అల్లి ఇచ్చింది. ఆదివారం రొట్టెముక్క మీద చక్కెర చల్లడం మానలేదు. వేసవులు వచ్చాయి పోయాయి, రోడ్డు మీద తారు కరిగింది, సీతాఫలాలు పండాయి రాలాయి, శనివారాలు మాత్రం నేను ఆ సందులోకి పోలేదు. మొదట్లో ప్రతి శుక్రవారం రాత్రీ, రేపు పిలుస్తుందేమోనని అనుకునేదాన్ని. పిలవలేదు.

ఎనభైల మొదట్లో ఆమె పోయింది. ఆమె మతంవాళ్ల శ్మశానం మా దగ్గర ఎక్కడిది, క్రైస్తవుల సమాధుల తోటలో గోడవారగా చోటిచ్చారు. మిల్లు తరఫున వచ్చిన పెద్దమనిషి రాయి చెక్కించాడు. పేరు తెలియక దాని మీద ‘జర్మన్ అమ్మగారు’ అని రాయించాడు. తరిమి తరిమి చంపిన దేశం పేరే ఆమె గుండెల మీద పెట్టారు. నాయనమ్మ కట్టె పట్టుకుని పోయి రాయి మార్చమని కొట్లాడితే ఇప్పుడెవరు మారుస్తారమ్మా అన్నారు. ఆమె ఇంటికొచ్చి బొగ్గు తీసుకుని, రాయనూ చదవనూ రాని మనిషి, నన్ను వెంటబెట్టుకుపోయి ఆ రాయి మీద బెర్తా అని నా చేత రాయించింది. మొదటి వానకే కొట్టుకుపోయింది. మళ్లీ రాశాం. నాయనమ్మ ఉన్నన్నాళ్లూ రాశాం.

ఇప్పుడు మిల్లు మూతపడి పిచ్చిచెట్లు మొలిచాయి. మా కొట్టం ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం. సీతాఫలం చెట్టూ, రెండు గదుల ఇల్లూ కొట్టేసి ఫంక్షన్ హాల్ కట్టారు. సమాధుల తోట గోడ రోడ్డు వెడల్పులో జరిగింది, ఆ రాయి ఎటు పోయిందో కనుక్కోలేకపోయాను. పోనిది ఒక్కటే, ఆ మీసం. పుస్తకాల బండి మీద వాడి మొహం, ఆటో వెనక వాడి మాటలు, చిన్నపిల్లల బడిలో వాడి వేషం.

శుక్రవారం రాత్రే టీచరమ్మకు ఫోన్ చేశాను. "సరదాకే కదండీ మేడం, పిల్లలకేం తెలుస్తుంది" అంది. తెలియదు నిజమే, నాకూ తెలియలేదు. అందుకే శనివారం పొద్దున నేనే బడికి పోయాను. నాకూ గిలాస ఉంటే ఆమె బల్ల మీద పెట్టేదాన్ని. లేకపోయింది కాబట్టి ఆమె ముందు కూర్చుని ఇప్పుడు మీకు చెప్పినదంతా చెప్పాను. వింది. ఫోన్ చూసుకుంటూ వింది. మనవడు నా పక్కన నిలబడి ఉన్నాడు, ఎంత కడిగినా పోని నల్లటి మరక వాడి పెదవి మీద ఇంకా ఉంది.

బయటికి వచ్చాక వాడు అడిగాడు, "అమ్మమ్మా, ఆ అవ్వ మల్లెప్పుడూ సలి పెడ్తాందన్లేదా?"

అనలేదు. ఆ మాట ఆమె వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది, వాళ్లమ్మ వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకుంది. ఆ ఊరివాళ్లందరినీ చంపినవాళ్లు కూడా ఆ మాటను ఆమె నోట్లోంచి తీయలేకపోయారు. వరంగల్‌లో ఒక శనివారం పొద్దున, కాటుక మీసం పెట్టుకుని పోయి, నేను తీశాను.